సరిహద్దుకు అటూ ఇటూ కూలి లెక్క

ఇరుగుపొరుగు దేశాల కనీస వేతనాలను పక్కపక్కన పెట్టేవాళ్లు సాధారణంగా అన్నింటినీ డాలర్లలోకి మార్చి, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చేస్తారు. ఆ పట్టిక చూసి ఏ దేశంలో కూలీ బతుకు నయంగా ఉందో చెప్పలేం. టాకా విలువ పడిపోతే చాలు, చేతికొచ్చే జీతంలో పైసా మార్పు లేకున్నా ఢాకా కార్మికురాలు పట్టికలో రెండు మెట్లు దిగిపోతుంది. అందుకే నేను నేపాల్‌తో మొదలుపెడతాను. మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలన్న మారకం రేటు 1993 నుంచి మారలేదు. రెండు దేశాల మధ్య సరిహద్దు తెరిచే ఉంటుంది, పని వెతుక్కుంటూ జనం అటూ ఇటూ వెళ్తూనే ఉంటారు. ఈ రెండింటినీ పోల్చడానికి డాలరుతో పనిలేదు.

నేపాల్‌లో 2025 జులై మధ్య నుంచి కనీస వేతనం నెలకు 19,550 నేపాలీ రూపాయలు. అందులో బేసిక్ 12,170, కరువు భత్యం 7,380. రోజుకూలీ అయితే 754. మన డబ్బులో నెలకు 12,200 పైచిలుకు, రోజుకు 471. తేయాకు తోటలకు వేరే రేటు ఉందన్న మాటే గాని, మిగతా దేశమంతటికీ ఇదొక్కటే అంకె. 2017 నాటి కార్మిక చట్టం దీన్ని రెండేళ్లకోసారి సవరించాలంది. 2021లో 15,000, 2023లో 17,300, 2025లో 19,550. ఈ మధ్యలో ప్రభుత్వాలు ఎన్నిసార్లు మారినా సవరణ ఆగలేదు. సామాజిక భద్రతా నిధిలో చేరిన కార్మికుడికి బేసిక్ మీద యజమాని మరో 20 శాతం జమ చేయాలి. ఖాట్మండులో హోటల్లో పనిచేసే కుర్రాడికి తనకు రావాల్సిందెంతో నోటికి వచ్చి ఉంటుంది. హక్కుకు అది తొలి మెట్టు.

మరి మన దగ్గర ఎంత? ఈ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. కేంద్రం తన పరిధిలోని నిర్మాణ పనుల్లో నైపుణ్యం లేని కార్మికుడికి పెద్ద నగరాల్లో రోజుకు 783 రూపాయలని 2024 అక్టోబరులో నిర్ణయించింది. ఢిల్లీ ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి నెలకు 18,456 అంది. రెండూ నేపాల్ కంటే చాలా ఎక్కువ. కానీ అట్టడుగున ఉన్న జాతీయ కనీస స్థాయి వేతనం చూడండి. 2017లో రోజుకు 176 రూపాయలు. 2019లో దాన్ని రెండు రూపాయలు పెంచి 178 చేస్తున్నట్లు కేంద్రం ప్రకటించింది. నేపాల్ కూలి దీనికి రెండున్నర రెట్ల పైనే. పైగా ఇది రాష్ట్రాలకు సలహా మాత్రమే, చట్టబద్ధత లేదు. చాలా రాష్ట్రాలు ఇంతకంటే ఎక్కువే నిర్ణయించాయి, ఆ మాట దాచకూడదు. అయినా ఇంత పెద్ద దేశం తన పౌరుడి రోజంతటి కష్టానికి పెట్టిన అడుగు ధర అది. తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

బాధ ఎందుకంటే, కూలి ఎలా లెక్కగట్టాలో ఈ ప్రాంతంలో మనకంటే బాగా ఆలోచించినవాళ్లు అరుదు. 1957లో 15వ భారత కార్మిక మహాసభ కుటుంబంలో పెద్ద ఒక్కొక్కరికి రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబం మొత్తానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు అన్నీ కలిపి వేతనం కట్టాలంది. 1991 నాటి రాప్టకోస్ బ్రెట్ తీర్పులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, ముసలితనం కోసం మరో 25 శాతం కలపాలంది. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకోవడం వెట్టిచాకిరీయేనని అంతకుముందే, 1982లో, ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో చెప్పింది. 2019లో అనూప్ సత్పతి కమిటీ ఇదే దారిలో లెక్కవేసి, 2018 ధరల ప్రకారం రోజుకు 375 రూపాయలు, అంటే నెలకు 9,750 ఉండాలని సిఫారసు చేసింది. ఆ ఏడాదే కేంద్రం ప్రకటించిన అంకె 178. సూత్రం మనది గొప్పది. ఆచరణకు వచ్చేసరికి సగానికి పడిపోయింది.

1948 నాటి కనీస వేతనాల చట్టం ఆ వేతనాన్ని షెడ్యూలులో ఉన్న పనులకే ఇచ్చింది. చాలావరకు షెడ్యూలులో పనులు చేర్చిందీ రాష్ట్రమే, రేటు పెట్టిందీ రాష్ట్రమే. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తనకెంత రావాలో తెలుసుకోవాలంటే తన పని ఏ షెడ్యూలులో ఉంది, ఏ జోను, ఏ కేటగిరీ, ఈ ఆర్నెల్లకు వీడీఏ (ధరలతో మారే కరువు భత్యం) ఎంత అన్నీ తెలియాల్సి వచ్చేది. ఐదేళ్లకు మించకుండా సవరించాలని చట్టం చెప్పినా, ఆ గడువు దాటినందుకు ఏ ప్రభుత్వానికీ శిక్ష పడలేదు. తెలంగాణలో 2021లో ఐదు రంగాలకు వేతనాలు పెంచుతూ జీవోలు ఇచ్చి, వాటిని గెజిట్‌లో ప్రచురించకుండా ఆపేశారు. ఒక్క విషయంలో మాత్రం మన పద్ధతే మేలు. ధరల సూచీని బట్టి చాలాచోట్ల ఆర్నెల్లకోసారి వీడీఏ మారుతుంది. నేపాల్ కార్మికుడు రెండేళ్లు ఆగాలి. కానీ బేసిక్ ఏళ్ల తరబడి కదలకపోతే వీడీఏ చేసేది పాత పేదరికాన్ని అదే మట్టంలో నిలబెట్టడమే.

ఆ ఆసరా కూడా లేకపోతే ఏమవుతుందో బంగ్లాదేశ్ చూపిస్తుంది. అక్కడ రంగానికో వేతన బోర్డు. దాదాపు 40 లక్షల మంది, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, పనిచేసే రెడీమేడ్ బట్టల రంగంలో 2013లో 5,300 టాకాలు, 2018లో 8,000, 2023లో 12,500. వీటిలో మొదటి పెంపు రాణా ప్లాజా ఫ్యాక్టరీ భవనం కుప్పకూలి 1,100 మందికి పైగా చనిపోయాక వచ్చింది. చివరిదానికి ముందు బోర్డులో కార్మికుల ప్రతినిధి 20,393 అడిగితే యజమానులు 10,400 అన్నారు. కార్మికులు రోడ్డెక్కారు, కొందరి ప్రాణాలు పోయాయి. చివరికి వచ్చిన 12,500ను విడదీసి చూడాలి. బేసిక్ 6,700, ఇంటి అద్దె 3,350, వైద్యం 750, రవాణా 450, తిండికి 1,250. ఓవర్‌టైమ్ కట్టేది బేసిక్ మీదే. 6,700ను 208 గంటలతో భాగించి రెట్టింపు చేస్తే గంటకు 64 టాకాలు. నెల మొత్తం మీద కడితే 120 వచ్చేది. బేసిక్ ఎందుకు అంత తక్కువగా ఉంచుతారో ఈ లెక్కలోనే ఉంది. ఇక రెండు సవరణల నడుమ ఐదేళ్లు ఏడాదికి 5 శాతం ఇంక్రిమెంటే ఉండేది, అదీ బేసిక్ మీదే. ధరలు తొమ్మిది శాతం పెరుగుతుంటే అది ఏ మూలకూ చాలలేదు. 2024 డిసెంబరులో ఆందోళనల తర్వాత దాన్ని 9 చేశారు.

శ్రీలంకలో 2016 నుంచి దేశమంతటికీ ఒకే చట్టం ఉంది. కానీ సవరణకు గడువు పెట్టలేదు. 2021లో పెట్టిన 12,500 శ్రీలంక రూపాయలు, 2022 సంక్షోభంలో ధరలు 70 శాతం దాకా ఎగబాకినా, 2024 వరకు అక్కడే ఉండిపోయాయి. 2025 ఏప్రిల్‌లో 27,000 అయ్యాయి. పాకిస్తాన్‌లో రాష్ట్రాలు దాదాపు ఏటా బడ్జెట్ వేళ పెంచుతాయి. 2025-26కు పంజాబ్, సింధ్ 40,000 పాకిస్తానీ రూపాయలన్నాయి.

ఈ దేశాల కూలిని పెట్టుబడి ఎప్పుడూ పోల్చి చూస్తూనే ఉంటుంది. కొలంబోలో పుట్టిన బ్రాండిక్స్ కంపెనీ విశాఖ దగ్గర అచ్యుతాపురంలో బట్టలు కుట్టిస్తుంది. ఎక్కడ పెట్టాలన్నది తేల్చుకునేటప్పుడు ఏ కంపెనీ అయినా కూలి లెక్క చూస్తుంది. కార్మికులకు కూడా ఆ లెక్క అందుబాటులో ఉండాలి. లేకపోతే ప్రతి దేశమూ పక్క దేశం చౌకను చూపించి తన కార్మికుడి నోరు మూయిస్తుంది.

నేపాల్‌ను ఆదర్శంగా నిలబెట్టడం లేదు. అక్కడా పొలాల్లో, చిన్న దుకాణాల్లో ఈ రేటు అందనివాళ్లు లెక్కలేనంత మంది. ఆ కూలి చాలకే జనం గల్ఫ్‌కు, మలేషియాకు పోతున్నారు. అయినా అక్కడి చట్టంలో మనకు లేనివి రెండున్నాయి: అందరికీ తెలిసిన ఒక్క అంకె, దాటరాని ఒక్క గడువు. 2025 నవంబరు 21న మన వేతన కోడ్ అమల్లోకి వచ్చింది. అది షెడ్యూలు గోడ తీసేసి కనీస వేతనాన్ని అన్ని పనులకూ వర్తింపజేసింది. రాష్ట్రాలు దిగకూడని ఫ్లోర్ వేజ్‌ను నిర్ణయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. సవరణకు మాత్రం మళ్లీ సాధారణంగా ఐదేళ్లనే రాసుకున్నారు. ఫ్లోర్ వేజ్‌ను 178 మీద కాకుండా సత్పతి కమిటీ 375కు ఇప్పటి ధరలు కలిపి కట్టాలి, ఆ గడువును రెండేళ్లు చేయాలి. కార్మిక సంఘాలు, రాష్ట్ర ప్రభుత్వాలు ఈ రెండింటినీ కేంద్రం ముందు పట్టుబట్టి అడగాలి.