ఓడినవాళ్ల దోస్తీ

ఓడినవాళ్ల దోస్తీ, నీకు దండం! గెలిచినవాళ్లకు శాలువాలుంటాయి, సన్మానాలుంటాయి, గ్రూపు ఫొటోలో ముందు వరుస కోసం అలకలుంటాయి. నీకున్నదల్లా ఉప్పల్ రింగురోడ్డు దగ్గర, ఆగని హారన్ల నడుమ ఒక వన్ బై టూ చాయ్. అది చల్లారేలోపు ఎన్ని ముచ్చట్లు పెడతావు!

వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలో దామగుండం అడవి. తునికి, మోదుగు, సీతాఫలం; నడుమ రామలింగేశ్వరుడి గుడి. సముద్రం ఊసే లేని ఆ గడ్డ మీద, సముద్రం అడుగున తిరిగే జలాంతర్గాములకు కబురు పంపే నౌకాదళ రేడియో కేంద్రం కడతామన్నారు. అందుకు రాసిచ్చిన నేల సుమారు 2,900 ఎకరాలు. దేశానికి రక్షణ వద్దని మాలో ఎవరూ అనలేదు, ఈ అడవే ఎందుకని అడిగాం. అర్జీలు పెట్టాం, పాటలు పాడాం, ఎండలో కూర్చున్నాం. 2024 అక్టోబరు 12న దసరా. జమ్మి ఆకు చేతిలో పెట్టి, బంగారమని చెప్పి అలాయ్ బలాయ్ తీసుకున్నాం. మూడు రోజులకు, 15న, రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ వచ్చి శంకుస్థాపన చేశారు. అడవిలో సీతాఫలాలు కళ్లు తెరిచే రోజులవి.

ఆ రాత్రి నాచారంలో ఒక డాబా మీద మమ్మల్ని కూర్చోబెట్టింది నువ్వే. ఓదార్చడం నీకు చేతకాదు. "తిన్నవా అక్కా?" అని మాత్రం అడిగావు. పచ్చిపులుసు పోసిన అన్నం ముందర పెట్టావు. ఎవరి వల్ల ఓడామో లెక్క తీయబోయిన నోళ్లు ముద్దతో మూతపడ్డాయి. తెల్లారి ఆ లెక్క మళ్లీ తీశామనుకో, గట్టిగానే కొట్లాడుకున్నాం. కోర్టుకు ముందే పోవాల్సిందని ఒకరు, ఊళ్లల్లోనే ఇంకా తిరగాల్సిందని ఒకరు. ఆ పంచాయితీ ఇప్పటికీ తెగలేదు, తెగకూడదనే నా కోరిక. తెగితే ఆదివారాలు కలిసేందుకు సాకేముంటుంది?

'సేవ్ దామగుండం' ఫ్లెక్సీ ఇప్పుడు మా గల్లీలో ఒక పిల్ల స్కూటీకి వానకప్పు. మడత దగ్గర చిరిగితే సైకిల్ ట్యూబు ముక్క అతికించారు. కొత్త కవర్ కొనుక్కోవే అంటే, "దీన్నైతే దొంగలు గూడ ముట్టరక్కా" అంటుంది ఆ పిల్ల. ధర్నా శిబిరంలో ఇంత నవ్వు మాకెప్పుడూ రాలేదు. కొట్లాడినన్నాళ్లు ఎవరికి షుగరుందో, ఎవరి కొడుకు ఇంటర్ తప్పాడో మాకు తెలియనే తెలియదు. ఓడాక అన్నీ నువ్వే చెప్పావు.

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ మా ఉప్పల్ భగాయత్ పక్క నుంచే పోతుంది. ముక్కుకు కర్చీఫులు కట్టించి మమ్మల్ని అక్కడికీ ఈడ్చుకుపోతావు. గుర్రపుడెక్క అంచున ఎర్రటి పొడుగుకాళ్ల పిట్టలు బురద పొడుచుకుంటుంటాయి. "మన అడవి దిక్కు నీళ్లు" అంటారొకరు. గండిపేట కట్ట దాటి ఇంత దూరం వచ్చేది చాలామటుకు మురుగేనని అందరికీ తెలుసు. అయినా ఎవరూ దిద్దరు. ఆ మర్యాద కూడా నీదే.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేందుకు బుల్డోజర్లు దిగినప్పుడు, అర్ధరాత్రి మోగిన ఫోనులో నీ గొంతే. "లేసినవా?" అక్కడ ముందు నిలబడింది యూనివర్సిటీ పిల్లలు. మేం గేటు దాకా మంచినీళ్ల క్యాన్లు మోశాం. ఏప్రిల్ 3న, అక్కడి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం ఆపమంది సుప్రీంకోర్టు.

"మనం గెల్సినమా అన్నా?" అని అడిగాను.

"మనం గాదు చెల్లె, పిల్లలు. గా క్యాన్లు వాపస్ ఇచ్చినవా లేదా? డిపాజిట్ పైసలు నావి!"