ఏ నరసింహుడు?

నా ఫోన్లో నలుగురు సాయిలున్నారు. సాయి ఆఫీస్, సాయి రూమ్, సాయి జగిత్యాల, సాయి ప్లంబర్. పేరు ఒక్కటే, పక్కనున్న మాటే మనిషిని పట్టిస్తుంది. ఆ రెండో మాట లేకపోతే ప్లంబర్‌కి చేయాల్సిన ఫోన్ ఆఫీసుకి పోతుంది.

ఇలియడ్ చదువుతున్నప్పుడు ఇదే ఇబ్బంది ఎదురైంది. అందులో ఏజాక్స్‌లు ఇద్దరు. ఒకడు సలామిస్ నుంచి వచ్చిన తెలమోన్ కొడుకు, గోడలాంటి డాలు పట్టుకున్న భారీ మనిషి. ఇంకొకడు లోక్రిస్ నుంచి వచ్చిన ఒయిలియుస్ కొడుకు, చిన్నవాడు, పరుగులో మొనగాడు. తండ్రి పేరో, ఊరి పేరో, ఒడ్డూపొడుగో చెప్పి హోమర్ ఇద్దర్నీ విడదీస్తాడు. హెలెన్‌ని ఎత్తుకుపోయిన పారిస్‌కి ఆ కావ్యంలోనే ఇంకో పేరుంది, అలెగ్జాండ్రోస్. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే పేరుతో మాసిడోనియాలో ఒక రాజు పుట్టాడు. క్రీ.పూ. 334లో అతను ట్రాయ్ చేరినప్పుడు, నీ పేరుగల పారిస్ వాయించిన లైర్ చూస్తావా అని అడిగారట. అదేం అక్కర్లేదు, అకిలిస్ లైర్ ఉంటే చూపించమన్నాడని ప్లూటార్క్ రాశాడు. పేరు పంచుకున్నవాణ్ణి పక్కకి నెట్టి తన పేరు తనకే మిగుల్చుకోవాలన్న పట్టుదల ఆ జవాబులో కనిపిస్తుంది.

ఇది చదివాక నాకు ధర్మపురి శేషప్ప గుర్తొచ్చాడు. నరసింహ శతకం రాసిన కవి. ఆయనకి ఎదురైన చిక్కు ఇంకా పెద్దది. ఆయన పిలవాల్సిన దేవుడి పేరు అహోబిలంలో ఉంది, సింహాచలంలో ఉంది, మంగళగిరిలో ఉంది, యాదగిరిగుట్టలో ఉంది. గోదావరి ఒడ్డున ఆయన సొంతూళ్లోనే యోగ నరసింహుడూ ఉగ్ర నరసింహుడూ విడివిడిగా ఉన్నారు. ఇక మనుషుల సంగతి చెప్పనక్కర్లేదు. ఉత్తర తెలంగాణలో ఏ ఊరి బజార్లోనైనా "ఓ నర్సయ్యా" అని కేకేసి చూడండి, ఎంతమంది వెనక్కి తిరుగుతారో.

ఇప్పుడు ఆ శతకం మకుటం చూడండి. సీసం కింద వచ్చే తేటగీతికి నాలుగు పాదాలే. అందులో రెండు మకుటానికే పోతాయి. అంటే గీతంలో సగం ఆయన పిలుపుకే ఇచ్చేశాడు. ఆ పిలుపులో నగలతో వెలిగేవాడు, దుష్టుల్ని చంపేవాడు, పాపాల్ని దూరం చేసేవాడు అన్న విశేషణాలు ఏ ఊరి నరసింహుడికైనా సరిపోతాయి. ధర్మపురిలో ఉండేవాడు అన్నది మాత్రం ఒక్కడికే సరిపోతుంది. మకుటాన్ని గణాలు నింపే ముక్కగా, పద్యం అయిపోయిందని కొట్టే గంటగా చదవడం మనకి అలవాటు. నా దృష్టిలో ఆ ఒక్క విశేషణం ఉత్తరం మీద రాసిన చిరునామా. అది తీసేస్తే పద్యం ఎవరికీ చేరదు.

పోలికకి గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకం తీసుకోండి. అక్కడా సీసమే, అదే దేవుడు, మకుటంలో ఊరి పేరూ ఉంది. కానీ ఆ మకుటం ఒక్క పాదం. దండు వచ్చి దోచుకుంటుంటే చూస్తూ కూర్చున్నావేమని కూర్మనాథుడు తన దేవుణ్ణి నిలదీస్తున్నాడు. కోపంలో ఉన్నవాడు పేరు పొట్టిగానే పిలుస్తాడు. శేషప్పకి కోపం కాదు, భయం. అందుకే అడ్రసు పూర్తిగా రాస్తాడు.

దేనికి భయం? శతకంలో అందరికీ తెలిసిన పద్యం ఒకటుంది. బతికినన్నాళ్లూ నీ భజన మానను, కానీ చచ్చేటప్పుడు మర్చిపోతానేమో అంటాడు. యమదూతలొచ్చి ప్రాణం పెకలించేటప్పుడు, కఫం కమ్మి ఒళ్లు వణికేటప్పుడు, నాలుక నారాయణా అనగలదో లేదో! అందుకే అప్పటి పిలుపు ఇప్పుడే పిలిచేస్తున్నాను, చెవి పెట్టి విను అంటాడు. నాలుక మీద నమ్మకం లేక ముందే కట్టిన బాకీ అది.

ఈ పద్యం వెనక భాగవతంలోని అజామిళుడున్నాడు. తెలుగులో ఆ షష్ఠ స్కంధం రాసింది ఏర్చూరి సింగన. అజామిళుడు చావు వేళ నారాయణా అని పిలిచింది కొడుకుని. వచ్చింది విష్ణుదూతలు. పేరు ఒకటే కావడం వల్ల దక్కిన విడుదల అది. గ్రీకు రాజు పేరు పంచుకోవడాన్ని చిన్నతనం అనుకుంటే, ఇక్కడ పంచుకున్న పేరే మనిషిని కాపాడింది. శేషప్పకి ఈ దారి తెలియదని అనుకోలేను. తెలిసీ దాని మీద ఆధారపడలేదు. పొరపాటున చేరే పిలుపు ఆయనకి వద్దు. తెలివి ఉండగానే, ఊరు పేరుతో సహా, ఇతణ్ణే పిలవాలి. ఈ శతకంలో నన్ను పట్టుకున్నది భక్తి కంటే ఈ నిజాయితీ.

ఇంకో సంగతి. ఆ యమదూతల్ని పంపేవాడి గుడి కూడా ధర్మపురి ఆలయ ప్రాంగణంలోనే ఉంది. మామూలుగా ధర్మరాజు అంటే మనకి పాండవుల్లో పెద్దవాడు. ముందు 'యమ' చేరిస్తే ఆయన తండ్రి. స్థలపురాణం ధర్మవర్మ అనే రాజు పేరు చెబుతుంది. ధర్మపురికి వస్తే యమపురి ఉండదని సామెత. ధర్మం అనే ఒక్క మాట చుట్టూ రాజూ, మృత్యువూ, ఊరూ ముగ్గురూ చేరారు. అలాంటి చోట కూర్చుని చావు గురించి రాస్తున్న కవికి, పిలుపు ఎవరికి చేరుతుందన్నది అలంకారానికి సంబంధించిన ప్రశ్న కాదు.

1934లో సురవరం ప్రతాపరెడ్డి గోల్కొండ కవుల సంచిక తేవాల్సి వచ్చింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకి 354 మంది కవులతో ఇచ్చిన జవాబు అది. ఆ మాట అనే నాటికే పద్యం పద్యానికీ తన ఊరి పేరు చెప్పుకున్న ఈ శతకం ఉంది. ఇప్పటికీ ఇందులోని పద్యాల్ని నీతిపద్యాలుగా కంఠస్థం చేస్తాం, మకుటం దగ్గరికొచ్చేసరికి గబగబా దాటేస్తాం. ఉత్తరం చదివి కవరు పారేసినట్టు.

ఈసారి శతకం తెరిస్తే ఆ రెండు పాదాల దగ్గర కాసేపు ఆగండి. ధర్మపురి నర్సన్న ఎవరో కవికి బాగా తెలుసు. తెలుసుకోవాల్సింది మనమే.