మడ అడవి అంచున చుట్టిల్లు

అడవిని చూపించడానికి కట్టే ఇల్లు అడవిలో ఉండకూడదు. ఈ ఒక్క మాట ఒప్పుకుంటే, కోరంగి లాంటి చోట ప్రకృతి కేంద్రం ఎలా కట్టాలన్న చిక్కు సగం తీరినట్టే.

కాకినాడ పక్కన గోదావరి సముద్రంలో కలిసేచోట పెరిగిన అడవి అది. 1978లో అభయారణ్యమైంది, 235 చదరపు కిలోమీటర్లు. అక్కడి మడచెట్టు ఊపిరి వేళ్ళను బురదలోంచి పైకి తోసి గాలి పీలుస్తుంది. పోటునీరు వచ్చి పోతూ ఉంటుంది. నాలుగు లారీల గ్రావెల్ పోసి మెరక చేశారా, వేళ్ళకు ఊపిరాడదు, నీటిదారి మూసుకుపోయి వెనకున్న చెట్లూ ఎండుతాయి. అందుకే ఇల్లు అంచున గట్టినేల మీద ఉండాలి. లోపలికి గుంజల మీద చెక్కదారి చాలు. పలకల మధ్య సందులుంటే కింది మొలకకు ఎండా వానా అందుతాయి. వేసిన దారి మీదే నిలబడి ముందు గుంజ దింపుకుంటూ పోతే బురదలోకి యంత్రం దిగే పనే లేదు.

ఇక ఆ ఇల్లు. నా ఓటు ఉత్తరాంధ్ర చుట్టింటికే! గుండ్రటి మట్టిగోడ, దాని మీద దాదాపు నేలదాకా దిగిన తాటాకు కప్పు. తుపాను గాలిని చదును గోడ ఎదుర్కొని దెబ్బతింటుంది, గుండ్రటి గోడ పక్కకు జారవిడుస్తుంది. చూరు అంత కిందికుంటే గాలి దూరి కప్పు లేపలేదు. శ్రీకాకుళం తీరంలో ఒక ముసలాయన ఇల్లు నేస్తుంటే చూస్తూ కూర్చున్నాను, పొద్దు వాలిందే తెలియలేదు. కింది వరస నుంచి ఆకు మీద ఆకు, తాటినారతో బిగింపు. కొలతంతా కంటితోనే. "వేలు దూరిందంటే గాలి దూరినట్టే బాబూ" అన్నాడు. లోపలికెళ్ళి చూస్తే వెలుతురు చుక్క లేదు. తిరువనంతపురంలో చెట్టు అడ్డొస్తే గోడనే వంచిన వాస్తుశిల్పి లారీ బేకర్‌కు నేను దణ్ణం పెడతాను. ఈ ముసలాయనదీ ఆ స్థాయి పనే.

మరి ఇప్పుడు కడుతున్నవేమిటి? సిమెంటుతో దుంగలు పోసి, గోధుమరంగు పూసి, చెక్క గీతలు గీస్తున్నారు. ప్లాస్టిక్ తాటాకు కప్పుతున్నారు. ఏసీ గదిలో బావురుపిల్లి బొమ్మ పెట్టి, బయట రాత్రంతా ఫ్లడ్‌లైట్లు వెలిగిస్తున్నారు. దగ్గర్లోని హోప్ ఐలాండ్ మీద ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు సముద్రం మీది వెలుగును పట్టుకుని నీటికి చేరతాయి, దీపాలు చూస్తే దారి తప్పి చస్తాయి. ప్రకృతి పేరు పెట్టుకుని చేసే ఈ పనిని ద్రోహమనే అంటాను.

తాటాకును కొన్నేళ్ళకోసారి మళ్ళీ నేయాలి, నిప్పు భయమూ ఉంది. కాదనను. కానీ మళ్ళీ నేయాల్సి వస్తేనే ఆ పనివాడి పొయ్యి వెలుగుతుంది, కొడుక్కి పని అబ్బుతుంది.

కేంద్రం కట్టించబోయే అధికారులకు నాదొకటే మనవి: ప్లాను గీయకముందే ఇల్లు నేసే మేస్త్రిని పిలిపించండి. నాకు తెలిసిన మేస్త్రులందరూ ముసలివాళ్ళే.