కేతిగాడికి వేషం ఇవ్వరా?

చవక సినిమా షూటింగు మీద హాస్య నాటకం రాయదలిచినవాళ్లు పాత్రల కోసం హైదరాబాదు పోనక్కర్లేదు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట దాకా వస్తే చాలు. అక్కడి తోలుబొమ్మలాటలో హాస్యగాళ్లు కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఎప్పుడో సిద్ధంగా ఉన్నారు. నా ఊహలో ఆ ఆట ఇలా నడుస్తుంది: అట్టల లంక గాలికి ఒరుగుతుంటే కేతిగాడు వీపు ఆనించి నిలబెడుతుంటాడు. రాముడి వేషం నిర్మాత బామ్మర్దికి. పద్యం ఎత్తుకుంటే ఊరు మేల్కొనే పోలిగాడికి గుర్రం వెనక కాళ్లు. "ముందరి కాళ్లు ఎవురివిరా?" అంటుంది బంగారక్క. "డైరెక్టరు తమ్మునివి లేక్కా!"

ఇది వాళ్లకు కొత్త విద్యేం కాదు. రామాయణం రసపట్టులో ఉండగా జొరబడి ఊరి సంగతులు, సినిమా పాటలు కలిపి దంచడమే వీళ్ల పని. కొంత బూతూ ఉంటుంది. దాన్ని కడిగేసి పెద్దమనుషులకు చూపించేవాళ్లంటే నాకు గిట్టదు. రాముడి బొమ్మను గంభీరంగా నిలిపితే సగం పని అయినట్టే. కేతిగాడు అలా కాదు. మాట విరిగిన చోటే చెయ్యి ఎగరాలి, మద్దెల దెబ్బ పడాలి. అర క్షణం తప్పితే నవ్వు చచ్చిపోతుంది. పుల్లలు పట్టిన వేళ్లూ మాట పలికే గొంతూ ఒక్కటైతేనే అది సాధ్యం.

బొమ్మలాటవాళ్ల సెట్టు ఏ చవక సినిమా కన్నా చవక. ఒక తెల్లబట్ట, వెనక దీపం, కాళ్ల కింద చెక్కపలకలు. ఆ పలకల మీద తొక్కితే యుద్ధమే!

పాత్రల పంపకంలోనూ వీళ్లే న్యాయంగా ఉన్నారంటాను. పద్యనాటకాల్లో మగవాళ్లకు చీరలు కట్టే కాలంలో, ఆడవేషం ఆడవాళ్లకే ఇవ్వాలని తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్ళారి రాఘవ పోరాడాల్సి వచ్చింది. బొమ్మలాట కుటుంబాల్లో తెర వెనక సీతకు గొంతిచ్చేది ఇంటి ఆడవాళ్లే.

ఈ బొమ్మల కోసం మేకతోలును వెలుగు దూరేంత పలుచగా గీకి, ఉలితో తొలిచి, రంగులద్దుతారు.

నిమ్మలకుంట బొమ్మలాట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మురిసిపోయాం, చప్పట్లు కొట్టాం. ఆట మాత్రం ఎవరికీ పట్టలేదు. తెల్లవార్లూ సాగే కథను గంటకు కుదించి, అందులోనూ మొదటి కత్తెర హాస్యగాళ్ల మీదే వేస్తున్నారు. ఉలి పట్టిన చేతులు లాంపుషేడ్లు చేసుకుని బతుకుతున్నాయి. వాటికీ పోటీగా యంత్రం అచ్చొత్తిన నకిలీ సరుకు! అది కొని గోడకు తగిలించుకుని 'మన కళ' అనుకునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

జాతర పెద్దలారా, ఈ ఏడు ఆర్కెస్ట్రాకు ఇచ్చే డబ్బులో సగం నిమ్మలకుంటకు పంపండి. గంట కాదు, రాత్రంతా ఇవ్వండి. కేతిగాడు ఏం మాట్లాడాలో మాత్రం కమిటీ చెప్పకూడదు.