తడి ఆరేలోపు

నెమలి అనగానే వేణుగోపాలస్వామి గుడి గుర్తొస్తుంది. తిరువూరుకు దగ్గరలో, గంపలగూడెం మండలంలోని ఆ ఊరిని నీటిరంగుల్లో వేయాలని మా చిత్రకారమిత్రుడు వచ్చాడు. తీరా గుడి వదిలేసి, ఊరి చివర తాటిచెట్లకు ఎదురుగా కూర్చున్నాడు.

కాగితం 300 జీఎస్‌ఎం నూలుది. ముందురోజే నానబెట్టి, పలకకు నాలుగంచులా జిగురుపట్టీ వేసి ఆరబెట్టాడు. అలా బిగించకపోతే కాగితం ఉబ్బుతుంది, రంగు పల్లాల్లోకి జారి మడుగులు కడుతుంది. పలక కింద ఒక రాయి పెట్టి కాస్త వాలుగా నిలిపాడు. వెడల్పు కుంచెతో పైభాగమంతా తడిపి, కింద పలచగా ఎల్లో ఓకర్, పైన అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిసిన బూడిదరంగు వదిలాడు. అల్ట్రామెరైన్ రేణువులు కాగితపు గుంటల్లోకి దిగి సన్నని గరుకు తేలింది. మనకు కనిపించే పొగమంచు ఆ గరుకే!

అసలు పరీక్ష దూరపు చెట్ల దగ్గర. తడి ఎక్కువైతే పచ్చదనం ఆకాశమంతా పాకుతుంది, పూర్తిగా ఆరితే అంచు కత్తిరించినట్టుంటుంది. సగం ఆరినచోట నీళ్ళ కుంచె తగిలిందా, మచ్చ పువ్వులా విచ్చుకుంటుంది. అందుకే అతను తల పక్కకు వంచి కాగితం మీది మెరుపునే చూస్తాడు. ఆ మెరుపు మాయమయ్యే ముందు నిమిషమే అతని అదను. గడియారం దానికి పనికిరాదు.

రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) కూడా ఈ నీటిరంగులతో కుస్తీ పట్టినవాడే. ఆయనను బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు పంపిన రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. దామెర్ల 28 ఏళ్ళు నిండకుండానే పోయాడు. తలుచుకుంటే ఇప్పటికీ మనసొప్పదు.

మా మిత్రుడు బొమ్మలోని చెరువు నీళ్ళకూ సున్నపు గోడకూ తెల్లరంగు వాడలేదు. వదిలేసిన కాగితమే ఆ తెలుపు. చెరువు మీద మాత్రం తడి పిండేసిన కుంచెను అడ్డంగా ఒక్కసారి ఈడ్చాడు. కాగితం ఎత్తుల మీద రంగు అంటి, గుంటలు తెల్లగా మిగిలి అలలయ్యాయి. అంతా ఆరాక మూడే తాటిచెట్లు వేశాడు. బొమ్మ మొత్తంలో పదునైన అంచులు వాటికే, చిక్కటి రంగూ వాటికే. మిగతావన్నీ మెత్తగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడంతో చూపు పరుగెత్తక అక్కడే ఆగింది.

చివరికి గట్టు మీద మనిషిగా ఒక ఎర్రచుక్క పెడదామని కుంచె ముంచాడు. కాసేపు బొమ్మను చూసి, కుంచె కడిగేశాడు.