ఒక్కో సీసాకి ఎంత మిగులుతుంది?

టీవీలో తమ వ్యాపారం గురించి చెప్పి పెట్టుబడి అడిగే కార్యక్రమాలు నేను వదలకుండా చూస్తాను. ‘ఒక్కో సీసా మీద నీకెంత మిగులుతుంది?’ అని ఎదుటివాళ్ళు అడిగే ఘడియ కోసమే చూస్తాను. రోజూ సొంత చేత్తో సరుకు చేసే మనిషి ఆ జవాబుకి తడుముకోదు. ఎవరో రాసిచ్చింది బట్టీపట్టి వచ్చినవాళ్ళు అక్కడే తడబడతారు.

జపాన్ టీవీలో 2001లో మొదలైన పద్ధతి ఇది. 2005లో బీబీసీ ‘డ్రాగన్స్ డెన్’, 2009లో అమెరికాలో ‘షార్క్ ట్యాంక్’, 2021 డిసెంబరులో సోనీలో మన దేశపు షార్క్ ట్యాంక్ వచ్చాయి. తెలుగులో 2023లో ఆహా ఓటీటీ ‘నేను సూపర్ ఉమన్’ పేరుతో ఆడవాళ్ళ వ్యాపారాలకే ఒక వేదిక పెట్టింది. రోహిత్ చెన్నమనేని, దీపా దొడ్ల, నారాయణ సంస్థల సింధూర వంటివాళ్ళు పెట్టుబడిదారుల కుర్చీల్లో కూర్చున్నారు. వాటా, లాభం, అప్పు లాంటి మాటలు మన భాషలో వినపడితే ఇంట్లో వంట చేస్తున్నవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ పడ్డాక ఇలాంటివి మా అండమాన్ దీవిలోనూ ఆగకుండా చూడగలుగుతున్నాం.

ప్రోతరాపూర్‌లో మా వీధిలో రొయ్యల పచ్చడి పెట్టి అమ్మే అక్క ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. కొడుకు సగం వాడి వదిలేసిన నోట్‌బుక్కే ఆమె లెక్కల పుస్తకం. ఎడమ పేజీలో నూనె, కారం, ఆవపిండి, సీసాలు; కుడి పేజీలో ఎవరెన్ని పట్టుకెళ్ళారు, ఎవరు బాకీ. నూనె ధర పక్కన ఓడ వచ్చిన తేదీ కూడా ఉంటుంది. ఎందుకని అడిగాను. “రొయ్యలొక్కటే కదా తమ్ముడూ ఇక్కడివి, మిగతాదంతా ఓడ మీదే రావాలి. ఓడ ఆలస్యమైతే రేటు పెరిగిపోద్ది. ఏ ఓడకి ఎంత పడిందో తెలీకపోతే సీసా ఎంతకివ్వాలో ఎలా తెలుస్తాది?” అంది.

టీవీలో అడిగే ప్రశ్నలన్నిటికీ ఈమె దగ్గర జవాబుంది. అయినా ఆ పెట్టుబడిదారులు కాదంటారని నా నమ్మకం. పది లక్షలకి పది శాతం వాటా ఇస్తామంటే వ్యాపారం మొత్తం కోటి చేస్తుందని చెప్పినట్టు. వాటా కొన్నవాళ్ళకి నెలనెలా వడ్డీ రాదు, ఆ కోటి రేపు పది కోట్లయితేనే గిట్టుబాటు. దీవిలో కొనేవాళ్ళు కొద్దిమందే. బయటికి పంపాలంటే చెన్నైకి ఓడలో రెండు మూడు రోజులు. ఈ వ్యాపారం ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతుంది, కానీ పదింతలు కాదు. ఆ తేడా టీవీలో ఎవరూ నింపాదిగా చెప్పరు. పెట్టుబడిదారు నోట ‘నేను అవుట్’ అన్న మాట వినగానే చూసేవాళ్ళు ఆ మనిషి ఓడిపోయిందనుకుంటారు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మన షార్క్ ట్యాంక్ మొదటి సీజన్‌లో మాలెగావ్ వైపు రైతు కమలేష్ పురుగుమందు కొట్టే బండి తెచ్చినప్పుడు పెట్టుబడిదారు పీయూష్ బన్సల్ 10 లక్షలకి 40 శాతం వాటా తీసుకుని, ఇంకో 20 లక్షలు వడ్డీ లేని అప్పుగా ఇస్తానన్నారు. మనిషిని చూసి మలిచిన ఆ బేరం నాకెంతో నచ్చింది.

మా అక్కకి కావలసింది అప్పే. వానలు ముదిరి ఓడలు ఆలస్యం కాకముందే నూనె, కారం ఒకేసారి కొని పెట్టుకునేంత. 50 వేల లోపు ముద్రా రుణం 2015 నుంచి ఇలాంటివాళ్ళ కోసమే ఉంది. కానీ బ్యాంకులో మేనేజరు ముందు నోరు పెగలదంటుంది. అందుకే మా వీధిలోనే ఒక ఆదివారం నాలుగు కుర్చీలు వేయాలనుకుంటున్నాను: ఒక బ్యాంకు మేనేజరు, స్వరాజ్ ద్వీప్‌లో రిసార్టు నడిపేవాళ్ళు ఒకరు, ఓడ సరుకు దించే ఏజెంటు ఒకరు, ఎదురుగా అక్క. చెప్తే సరేనంది. నోట్‌బుక్కు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వదట, తనే చదివి చెప్తుందట.