సంగీతం టీచరు నేర్చుకునేది ఎక్కడ?

1931లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీతం టీచర్ల కోసమే ఒక కాలేజీ తెరిచింది. మొదటి ప్రిన్సిపాల్ టైగర్ వరదాచారి. కచేరీలో రాగాన్ని గంటసేపు విస్తరించే విద్వాంసుడికి, ఎనిమిదేళ్ళ పిల్లచేత సరళీవరస పాడించడం చేతకాకపోవచ్చు. పాడే విద్య వేరు, చెప్పే విద్య వేరని అకాడమీ పెద్దలు అప్పుడే గుర్తించారన్నమాట.

గురుకులంలో ఈ రెండో విద్యకు విడిగా పాఠం ఉండేది కాదు. శిష్యుడు గురువుగారింట్లోనే ఉండి, ఆయన సాధన వింటూ, కచేరీల్లో వెనక కూర్చుని తంబురా వేస్తూ, తనకంటే చిన్నవాళ్ళకు ఆయన ఎలా చెబుతున్నారో చూస్తూ పట్టుకునేవాడు. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ ఆచార్యులు. తెలుగునాట అప్పటినుంచీ సంగీతానికి కూడా గంట, సిలబస్, పరీక్ష వచ్చాయి. ఒకే గదిలో పదిమంది, పది రకాల గొంతులు. మద్రాసులో ప్రొఫెసర్ పి. సాంబమూర్తి సంగీత బోధన మీదే ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు.

చెప్పే విద్య అంటే ఏమిటో రెండోకాలం దగ్గర తెలుస్తుంది. మొదటికాలంలో దెబ్బకొక స్వరం చొప్పున చక్కగా పాడిన పిల్ల, రెండోకాలం ఎత్తుకోగానే చెయ్యి కూడా పరుగు పెట్టిస్తుంది. స్వరాలు రెట్టింపు కావాలి, తాళం నడక మారకూడదు. అనుభవం లేని టీచరు ‘మళ్ళీ పాడమ్మా’ అంటారు. పిల్ల మళ్ళీ అదే తప్పు చేస్తుంది. చెప్పడం తెలిసినవారు పనిని విడదీస్తారు. ముందు తాళం తాము వేసి పిల్లచేత పాడిస్తారు. తరవాత తాము పాడి పిల్లచేత తాళం వేయిస్తారు. ఆపైన రాగం లేకుండా స్వరాలను వట్టినే పలికిస్తూ, దెబ్బకు రెండేసి పడుతున్నాయో లేదో చూస్తారు. పాట, తాళం కలిపేది చివరికి.

శ్రుతి సంగతీ ఇంతే. మాస్టారిది ఒకటో కట్ట, ఆడపిల్లలది అయిదో కట్ట అయినప్పుడు, ఆయన శ్రుతిలో పాడిస్తే పిల్లల గొంతు కిందికి దిగలేక గొణుగుతుంది. గొంతు మారే వయసు మగపిల్లవాడి చేత కొన్నాళ్ళు తారస్థాయి పాడించకుండా ఉండడం కూడా టీచరుకు తెలియాలి.

అన్నిటికంటే కష్టం గమకం. పుస్తకంలో తోడి గాంధారం ‘గ’ అనే ఒక్క అక్షరం. పాటలో అది రిషభం దగ్గరనుంచి మధ్యమం దాకా ఊగుతుంది. ‘నేను పాడినట్టు పాడు’ అంటే చురుకైన పిల్లలు పట్టేస్తారు, మిగతావాళ్ళు అక్కడే ఆగిపోతారు. ఆ ఊపును నెమ్మదిగా విప్పి ముక్కలుగా చూపించి, మళ్ళీ కలిపి వేగం పెంచితే అందరికీ అందుతుంది. శ్రీపాద పినాకపాణి ఈ విప్పి చూపడంలో సాటిలేనివారు. వృత్తికి వైద్యులు, కర్నూలు మెడికల్ కాలేజీలో ఆచార్యులు. నాలుగు సంపుటాల ‘సంగీత సౌరభం’లో గమకాలు కూడా తెలిసేలా కృతులకు స్వరలిపి రాశారు. ఆ పుస్తకాలను తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసింది.

ఆయన దగ్గర నేర్చినవారిలో వోలేటి వెంకటేశ్వర్లు విజయవాడ రేడియోలో సంగీత శిక్షణ నడిపారు. నేదునూరి కృష్ణమూర్తి విజయనగరం కళాశాలలో చదువుకుని, 1949లో పినాకపాణిని కలిసి తన బాణీని తీర్చిదిద్దుకున్నారు. తరవాత ప్రభుత్వ సంగీత కళాశాలలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఒక డాక్టరుగారింట్లో నేర్చిన పద్ధతి అలా కాలేజీ క్లాసుల్లోకి వెళ్ళింది.

ఇప్పుడు టీచర్లకు కొత్త పాఠం జూమ్. హైదరాబాదులో టీచరు, డల్లాస్‌లో పిల్ల. శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడడం కుదరదు. టీచరు ఒక ఆవర్తం పాడి ఆగాలి, పిల్ల తిరిగి పాడాలి, తాళం ఎవరిది వారే వేసుకోవాలి. జూమ్‌లో చుట్టుపక్కల రొదను తగ్గించే ఏర్పాటు ఎడతెగని తంబురా నాదాన్నీ రొదగానే లెక్కకట్టి మింగేస్తుంది. ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేసుకుంటే శ్రుతి వినిపిస్తుంది.

కాలేజీ లెక్చరర్లకు రిఫ్రెషర్ కోర్సులు, సెమినార్లు ఉంటాయి. ఇంట్లో పాఠాలు చెప్పుకునే టీచరుకు అలాంటివి తక్కువ. డిసెంబరులో మద్రాసు అకాడమీ ఉదయం పూట నడిపే సోదాహరణ ప్రసంగాలు కొంత ఆసరా, కానీ అక్కడ చర్చ ఎక్కువగా రాగలక్షణాల మీదా వాగ్గేయకారుల మీదా సాగుతుంది. రెండోకాలంలో తప్పే పిల్లను దారికి తేవడానికి పక్క వీధి టీచరే ఎక్కువ పనికొస్తారు. వేసవి సెలవుల్లో ఒక కాలనీలోని నలుగురు టీచర్లు ఒకచోట కూర్చుని, ఒకరు పిల్లలకు భైరవి వర్ణం చెబుతుంటే మిగతావారు పుస్తకం పట్టుకుని వింటే చాలు. ఎవరు ఏ సంగతి దగ్గర ఆగుతున్నారో, ఎలా విడదీస్తున్నారో, ఏ పిల్లను ఎన్నోసారికి వదిలేస్తున్నారో ఆ గంటలోనే బయటపడుతుంది.